ఎమ్మర్ గోధుమలంటూ రెండు సంచులు వచ్చాయి: ఇవి అసలువేనా, తినొచ్చా, విత్తొచ్చా?

సందేహాలరావు
శనివారం, ఉదయం 8:40

ఒక స్నేహితుడు రెండు సంచులు పంపాడు. ఒకదాంట్లో ఒలిచిన గోధుమలు ఉన్నాయి. రెండోదాంట్లో ఉన్నవి చూస్తే అసలు గోధుమలనిపించవు. వడ్లలాగా పొట్టులో దాక్కుని ఉన్నాయి, చాలావాటికి మీసం ముక్కలు కూడా అంటుకునే ఉన్నాయి. రెండూ ఎమ్మర్ అనే పురాతన గోధుమేనట. ఒలిచినవి తినడానికి, పొట్టువి విత్తడానికి అన్నాడు.

దాంతోపాటు ఒక పొడుగాటి మెసేజ్ కూడా పెట్టాడు. పదివేల ఏళ్ల నాటి గింజ, మనిషి చెయ్యి పడని గింజ, గ్లూటెన్ లేదు, షుగర్ పెరగదు, గోధుమ పడనివాళ్లు కూడా నిశ్చింతగా తినొచ్చు, ఈజిప్టు సమాధుల్లో దొరికిన విత్తనం నుంచి వచ్చింది... ఇలా సాగింది. ఇందులో ఎంత నిజం? మా మేనకోడలికి సీలియాక్ జబ్బు ఉంది, అంటే గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే పేగులు దెబ్బతింటాయి. అందుకే "గోధుమ పడనివాళ్లు" అన్నచోట ఆగిపోయాను. ఇక నా సొంత ఆశ వేరే ఉంది. కొంచెం నేల ఉంది, పొట్టువి విత్తి చూడాలని. అసలు ఇవి ఎమ్మరేనని ఎలా తెలుసుకోవాలి?

వేసవిమేఘం
శనివారం, ఉదయం 8:58

మిగతావాటికి తెలిసినవాళ్లు జవాబిస్తారు. ఒక్కటి మాత్రం వెంటనే చెప్పాలి. మీ మేనకోడలికి పెట్టకండి. చిటికెడు కూడా వద్దు. ఎమ్మర్‌లో గ్లూటెన్ ఉంది. ఐన్‌కార్న్‌లో ఉంది, స్పెల్ట్‌లో ఉంది, ఖొరాసాన్‌లో ఉంది. గోధుమల్లో గ్లూటెన్ లేని పురాతన రకమంటూ లేదు.

నాకూ అదే జబ్బు అండి. ఇలాంటి మెసేజ్‌లు నాకు వస్తూనే ఉంటాయి. పంపేవాళ్లందరూ ప్రేమతోనే పంపుతారు, చిక్కంతా అక్కడే.

కంకికాడ
శనివారం, ఉదయం 10:15

రావుగారూ, మీ రెండు సంచుల్లో పొట్టు సంచీయే ఎక్కువ నిజం చెబుతుంది. ముందు దాన్ని తెరవండి.

ఇప్పుడు ఎక్కువగా పండే రొట్టె గోధుమ, పాస్తాకి వాడే డ్యూరమ్ గోధుమ రెండిటికీ కంకిని నూర్చితే పొట్టు ఊడి గింజ విడిగా రాలుతుంది. ఎమ్మర్ అలా కాదు. నూర్చినప్పుడు కంకి కణుపుల దగ్గర విరిగి చిరుకంకులుగా విడిపోతుంది, గింజ మాత్రం బయటికి రాదు. ఒక్కో చిరుకంకిలో మామూలుగా రెండు గింజలు ఒకదానికొకటి ఎదురుగా ఒత్తుకుని ఉంటాయి. ఐన్‌కార్న్ అయితే చాలావరకు ఒక్కటే ఉంటుంది. కాబట్టి ఓ గుప్పెడు తీసి గోరుతో విప్పి చూడండి.

రెండేసి ఉన్నంతమాత్రాన ఎమ్మర్ అని తేల్చలేం, స్పెల్ట్‌లోనూ రెండు ఉంటాయి. అప్పుడు కంకి కాడ ముక్క ఎక్కడ అంటుకుందో చూడండి. ఎమ్మర్ చిరుకంకికి ఆ ముక్క కింద తోకలా ఉంటుంది. స్పెల్ట్‌కి చాలాసార్లు కిందకి కాకుండా పక్కన, చిరుకంకి వీపుకి అతుక్కుని ఉంటుంది. తవ్వకాల్లో బొగ్గయిపోయిన గోధుమ దొరికినప్పుడు పురావస్తు వృక్షశాస్త్రం వాళ్లు కూడా ఇలాంటి గుర్తులే పట్టుకుంటారు. గింజ ఉబ్బిపోయి ఆకారం మారినా పొట్టు అడుగుభాగం మారదు.

ఒలిచిన సంచీ గురించి చూపుతో తేల్చడం కష్టం. ఎమ్మర్ గింజ పొడుగ్గా, సన్నగా, రెండు కొనలూ కోసుగా ఉంటుంది. జంట గింజతో ఒత్తుకున్న వైపు బల్లపరుపుగానో కాస్త గుంటపడో కనిపిస్తుంది. కానీ మిల్లులో పై పొర గీకేశాక డ్యూరమ్‌నీ దీన్నీ విడదీసి చెప్పడం అనుభవం ఉన్నవాళ్లకీ సులువు కాదు.

పాతగింజ
శనివారం, ఉదయం 11:30

నేను చాలా కాలంగా ఎమ్మర్, ఐన్‌కార్న్ తింటున్నాను. మామూలు గోధుమ తింటే వచ్చే కడుపు ఉబ్బరం వీటితో రాదు. సీలియాక్ వాళ్లు వద్దన్నారు, సరే. కానీ మిగతావాళ్లని కూడా భయపెట్టేయకండి. ఇప్పటి గోధుమని జన్యుమార్పిడి చేసి, పొట్టి మొక్కలు చేసి, గ్లూటెన్ కుక్కేశారు. ఎమ్మర్‌కి ఆ గతి పట్టలేదు. ఐన్‌కార్న్‌లో 14 క్రోమోజోములు ఉంటే ఇప్పటి గోధుమలో 42. ఇది సహజమేనా?

కంకికాడ
శనివారం, మధ్యాహ్నం 12:50

పాతగింజగారూ, మీ ఉబ్బరం సంగతి నేను కాదనను. చెప్పిన కారణం మాత్రం నిలబడదు.

42 క్రోమోజోములు ల్యాబ్‌లో పుట్టినవి కావు. ఐన్‌కార్న్‌కి 14. దాని దగ్గరి చుట్టమైన ట్రిటికం ఉరార్టు అనే అడవి గడ్డి, మరో ఏజిలాప్స్ గడ్డి అడవిలోనే కలిసి 28 క్రోమోజోముల అడవి ఎమ్మర్ పుట్టింది. అప్పటికి సేద్యమే లేదు. ఆ ఎమ్మర్‌ని మనుషులు సాగులోకి తెచ్చాక, కాస్పియన్ సముద్రం దక్షిణపు ప్రాంతాల్లో పొలం గట్టుమీదుండే ఏజిలాప్స్ టౌషీ అనే ఇంకో గడ్డి దాంతో కలిసింది. అప్పుడు 42 వచ్చాయి. ఇది జరిగి సుమారు 8,000 ఏళ్లు దాటింది. అంటే రొట్టె గోధుమ కూడా పురాతనమే. ఇంకో తమాషా ఏమిటంటే, "పురాతన" అని అమ్మే స్పెల్ట్‌కి కూడా 42 క్రోమోజోములే.

జన్యుమార్పిడి గోధుమ వాణిజ్యసాగుకి మొదట అనుమతి ఇచ్చింది అర్జెంటీనా, 2020లో. అది కరువు తట్టుకునే హెచ్‌బీ4. మీరూ నేనూ చిన్నప్పటి నుంచి తిన్నది అది కాదు. పొట్టి గోధుమలకి పొట్టితనం జపాన్ రకం నోరిన్ 10 నుంచి మామూలు సంకరణం ద్వారా వచ్చింది.

గ్లూటెన్ కుక్కేశారన్న మాటకి జర్మనీలో మంచి పరీక్ష జరిగింది. 1891 నుంచి 2010 వరకు ఒక్కో దశాబ్దంలో ఎక్కువగా సాగైన రకాలు అయిదేసి తీసుకుని, మొత్తం 60 రకాలని ఒకేచోట పండించి కొలిచారు. మొత్తం గ్లూటెన్ పెరగలేదు. అందులో గ్లయాడిన్ భాగం కొంచెం తగ్గింది, గ్లూటెనిన్ భాగం కొంచెం పెరిగింది. పండిన ఏడాది వాతావరణం, ముఖ్యంగా వాన, రకం కన్నా ఎక్కువ తేడా చూపించింది.

వేసవిమేఘం
శనివారం, మధ్యాహ్నం 1:35

గ్లూటెన్ "తక్కువ" అన్నమాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. సగం నిజమే ఎక్కువమందిని ముంచుతుంది.

రొట్టె గోధుమలో ఆ మూడో గడ్డి నుంచి వచ్చిన భాగాన్ని డి జీనోమ్ అంటారు. సీలియాక్ రోగుల్లో రోగనిరోధక వ్యవస్థని గట్టిగా రెచ్చగొట్టే ఒక గ్లయాడిన్ ముక్క, 33 అమైనో ఆమ్లాల పొడవుది, ఆ భాగం నుంచే వస్తుంది. ఐన్‌కార్న్‌లో, ఎమ్మర్‌లో డి జీనోమ్ లేదు కాబట్టి ఆ ముక్క లేదు. ఇంతవరకూ నిజం. ఇక్కడ ఆపి "కాబట్టి క్షేమం" అని రాసేస్తారు. రెచ్చగొట్టే ముక్కలు ఇంకా బోలెడు ఉన్నాయి, అవి మిగతా జీనోముల్లోనూ ఉన్నాయి. డ్యూరమ్‌లోనూ డి జీనోమ్ లేదు కదా, దాంతో చేసిన పాస్తా సీలియాక్ వాళ్లు తింటారా? తినరు.

పరిమాణం చూసినా అంతే. ఎమ్మర్, ఐన్‌కార్న్‌లలో మొత్తం ప్రొటీన్ చాలాసార్లు మామూలు గోధుమ కన్నా ఎక్కువే, గ్లయాడిన్ కూడా ఎక్కువే. వాటి గ్లూటెన్ బలహీనం, అంతేగానీ కొంచెం కాదు. పిండి సాగకపోతే గ్లూటెన్ లేదనుకుంటారు జనం. గ్లూటెన్ రహితం అని రాయాలంటే అంతర్జాతీయ కొలత కిలోకి 20 మిల్లీగ్రాముల లోపు. ఏ గోధుమా ఆ దరిదాపుల్లోకి రాదు.

ఇంకొకటి. ఈ జబ్బు కొత్త గోధుమతో పుట్టిందని అనుకునేవాళ్లకి: కప్పడోసియా వైద్యుడు అరెటియస్ క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లోనే ఇలాంటి దీర్ఘకాల విరేచనాల జబ్బుని వర్ణించాడు. అప్పటివాళ్లకి నోరిన్ పొట్టి గోధుమ ఎక్కడిది? గోధుమకీ దీనికీ ఉన్న సంబంధాన్ని నెదర్లాండ్స్ వైద్యుడు విల్లెం డికె తేల్చింది మాత్రం 1940లలో, యుద్ధకాలపు కరువు రోజుల అనుభవం కూడా కలిసొచ్చి.

నిర్వాహకులు
శనివారం, మధ్యాహ్నం 2:00

విత్తనాలు, పిండి అమ్మేవాళ్ల ఫోన్ నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. అమ్మకాలకి వేరే విభాగం ఉంది. చర్చ కొనసాగించండి.

పాతగింజ
శనివారం, మధ్యాహ్నం 3:10

మేఘంగారూ, సీలియాక్ మాట ఒప్పుకున్నాను కదండీ. నాకు ఆ జబ్బు లేదు. మరి నా కడుపు ఎందుకు తేలిగ్గా ఉంటోంది? అది కూడా భ్రమేనా?

కంకికాడగారూ, గ్లూటెన్ పెరగలేదు సరే. పోషకాల సంగతి? పాత గోధుమల్లో జింకు, ఇనుము ఎక్కువని నేను చదివింది కూడా తప్పేనా?

వేసవిమేఘం
శనివారం, మధ్యాహ్నం 3:42

భ్రమ అనలేదండి. గోధుమ పడకపోవడంలో మూడు నాలుగు రకాలున్నాయి. సీలియాక్ ఒకటి, గోధుమ అలర్జీ ఇంకొకటి. ఆ రెండూ కాకుండా ఇబ్బంది పడేవాళ్లలో చాలామందికి తేడా చేసేది గ్లూటెన్ కాకపోవచ్చు, ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు కావచ్చు. పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని పులియబెడితే గ్యాస్ వస్తుంది. పిండిని గంటల తరబడి నిదానంగా పులియబెడితే ఫ్రక్టాన్లు బాగా తగ్గిపోతాయి, ఏ గోధుమైనా సరే. మీరు ఎమ్మర్‌ని ఎలా వండుతారో చెప్పండి. పుల్లపిండితో రాత్రంతా ఉంచి చేస్తుంటే ఘనత గింజదో పులుపుదో చెప్పలేం.

ఒక హెచ్చరిక మాత్రం అందరికీ. అనుమానం ఉంటే గోధుమ మానేయకముందే రక్తపరీక్ష చేయించుకోండి. మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు.

పాతగింజ
శనివారం, మధ్యాహ్నం 3:50

పుల్లపిండే. రాత్రంతా ఉంచుతాను.

కంకికాడ
శనివారం, సాయంత్రం 5:05

ఖనిజాల విషయంలో పాతగింజగారి వైపు గట్టి సాక్ష్యమే ఉంది. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ దగ్గర బ్రాడ్‌బాక్ అనే పొలంలో 1843 నుంచి గోధుమ మీద ప్రయోగం ఆగకుండా సాగుతోంది, ప్రతి కాలపు గింజల నమూనాలూ దాచిపెట్టారు. వాటిని కొలిస్తే జింకు, ఇనుము, రాగి, మెగ్నీషియం 1960ల దాకా దాదాపు నిలకడగా ఉండి, పొట్టి రకాలు వచ్చాక తగ్గాయి. నేలలో ఖనిజాలు తగ్గలేదు. దిగుబడి పెరిగినప్పుడు గింజలో పిండి పెరిగి మిగతావి పలచబడ్డాయి.

ఎమ్మర్‌లో ప్రొటీన్ ఎక్కువ కనబడటానికి కూడా ఇదే కారణం కొంతవరకు. దిగుబడి తక్కువ కాబట్టి గింజకి వంతు ఎక్కువ. ఒకే పొలంలో, ఒకే ఎరువుతో పక్కపక్కన పండించి పోలిస్తే తేడా చాలాసార్లు కుంచించుకుపోతుంది.

కానీ అడవి ఎమ్మర్ దగ్గర నిజంగా ఒక నిధి ఉంది. దాంట్లో జీపీసీ-బీ1 అనే జన్యువు ఆకులు త్వరగా పండేలా చేసి, వాటిలోని నత్రజని, ఇనుము, జింకులని గింజలోకి తోలుతుంది. సాగులో ఉన్న డ్యూరమ్, రొట్టె గోధుమల్లో చాలావాటిలో ఈ జన్యువు పనిచేయని ప్రతే ఉంది. 2006లో ఆ జన్యువుని వేరుచేసి చూపించారు. పాత గింజలని బతికించుకోవాలనడానికి నాకు ఇది అన్నిటికన్నా బలమైన కారణంగా కనిపిస్తుంది. వాట్సాప్ మెసేజ్‌లలో ఎక్కడా ఇది ఉండదు.

తెగుళ్ల విషయంలోనూ అంతే. అమెరికాలో మెక్‌ఫాడెన్ అనే ప్రజననకారుడు యారోస్లావ్ ఎమ్మర్‌ని రొట్టె గోధుమతో కలిపి కాండపు కుంకుమ తెగులుని తట్టుకునే హోప్ అనే రకం తీశాడు. అందులోంచి వచ్చిన ఎస్సార్2 జన్యువు తర్వాత హరిత విప్లవం తెచ్చిన బోర్లాగ్ గోధుమల్లోకి చేరి ప్రపంచమంతా పాకింది. ఇండియాలో పండే ఖప్లీ ఎమ్మర్ నుంచి ఎస్సార్13 వచ్చింది. 1990ల చివర ఉగాండాలో బయటపడి భయపెట్టిన యూజీ99 తెగులు మీద అది పనిచేస్తుంది. అంటే "చెడిపోయిన ఆధునిక గోధుమ" అని తిట్టేదాంట్లో ఎమ్మర్ రక్తం ముందే ఉంది!

శాసనాలపిచ్చి
శనివారం, రాత్రి 9:20

ఆలస్యంగా వచ్చాను, సమాధుల మాట చూసి ఆగలేకపోయాను.

ఈజిప్టు సమాధి గింజ మొలిచిందన్న కథ 19వ శతాబ్దం నాటిది. అప్పట్లో యూరప్‌లో "మమ్మీ గోధుమ" పేరుతో విత్తనాలు అమ్ముకున్నారు. నిజంగా సమాధిలోంచి తీసిన గింజలు ఎక్కడా మొలవలేదు, మొలవవు కూడా. మామూలు నిల్వలో గోధుమ విత్తనం ప్రాణం కొన్నేళ్లే, మహా అయితే కొన్ని దశాబ్దాలు. వేల ఏళ్లు సమాధి వేడిలో ఉన్న గింజ నల్లబడి పోతుంది. టూటన్‌ఖామన్ సమాధిలో ఎమ్మర్ దొరికిన మాట నిజం, అది అలాంటి స్థితిలోనే ఉంది. కాముట్ పేరుతో అమ్మే ఖొరాసాన్ గోధుమకీ ఇదే కథ తగిలించారు. అది 1949లో ఒక అమెరికన్ వైమానికుడు పోర్చుగల్ నుంచి మోంటానాలోని తండ్రికి పంపిన 36 గింజలతో మొదలైంది. సమాధి కథకి ఆధారం లేదు.

కథ అబద్ధమైనా ఈజిప్టుకీ ఎమ్మర్‌కీ బంధం అబద్ధం కాదు. ఫారోల కాలమంతా వాళ్ల గోధుమ ఎమ్మరే. రొట్టె, బీరు రెండూ ఎమ్మర్, బార్లీల మీదే నడిచాయి. టాలెమీల కాలం వచ్చాక, అంటే గ్రీకు పాలనలో, సులువుగా నూర్చుకునే డ్యూరమ్ దాన్ని తోసేసింది. వాళ్లు పొట్టు ఎలా తీసేవాళ్లో డెల్వెన్ సామ్యూల్ అనే పురావస్తు పరిశోధకురాలు స్వయంగా చేసి చూశారు. వేయించి దంచేవాళ్లని పాతకాలపు పండితులు అనుకునేవారు. ఆవిడ చిరుకంకులని కొంచెం తడిపి రాతి రోట్లో దంచితే పొట్టు చక్కగా ఊడింది, గింజ నలగలేదు.

ఇక "మనిషి చెయ్యి పడని గింజ" అన్నమాటకి నవ్వొచ్చింది. మనిషి చెయ్యి మొట్టమొదట పడిన గింజల్లో ఇదొకటి. గలిలీ సముద్రం ఒడ్డున ఒహాలో 2 అనే చోట 23,000 ఏళ్ల కిందటి గుడిసెల్లో అడవి ఎమ్మర్ గింజలు దొరికాయి, అంటే సేద్యానికి వేల ఏళ్ల ముందే ఏరుకు తిన్నారు. అడవి ఎమ్మర్ కంకి పండగానే విరిగి నేలరాలుతుంది, అది దాని విత్తుకునే పద్ధతి. మనుషులు కోసుకొచ్చి మళ్లీ విత్తే కొద్దీ రాలని కంకులే ఎక్కువగా ఇంటికి చేరాయి, వాటి సంతతి మిగిలింది. ఇది ఒక్క తరంలో జరగలేదు, తవ్వకాల లెక్క ప్రకారం వేల ఏళ్లు పట్టింది. అలా రాలడం పోయింది, పొట్టు మాత్రం మిగిలింది. ఎమ్మర్ అంటే సగం దారిలో ఆగిన గోధుమ.

అడవి ఎమ్మర్ బతికే ఉందని ఆధునిక ప్రపంచానికి ఖాయంగా తెలిసింది 1906లో. ఆరన్ ఆరన్‌సన్ అనే వృక్షశాస్త్రవేత్త పాలస్తీనాలోని రోష్ పిన్నా దగ్గర రాతి సందుల్లో చూశాడు.

ఐన్‌కార్న్ కూడా ఊరుకోదు సుమా. ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన 5,300 ఏళ్ల నాటి మనిషి శవం ఓట్జి కడుపులో చివరి భోజనంగా అదే ఉంది, అడవి మేక కొవ్వు, జింక మాంసంతో పాటు. 1960లలో జాక్ హార్లన్ అనే వృక్షశాస్త్రవేత్త టర్కీలోని కరజదాగ్ కొండల్లో చెకుముకి రాయి కొడవలితో అడవి ఐన్‌కార్న్ కోసి చూశాడు. గంటకి కిలో దాకా శుభ్రమైన గింజ లెక్క తేలింది. మూడు వారాలు కోస్తే ఒక కుటుంబానికి ఏడాదికి సరిపోయే గింజ దొరుకుతుందన్నాడు. మరి సేద్యం ఎందుకు మొదలుపెట్టారన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు, కానీ అది ఇంకో చర్చ.

రొట్టెపెనం
ఆదివారం, ఉదయం 7:15

వండేవాళ్ల మాట కూడా కొంచెం. ఎమ్మర్ పిండిని మామూలు గోధుమపిండి అనుకుని పిసికితే మొదట బాగానే వచ్చినట్టుంటుంది, ఇంకాస్త పిసికితే చిరిగిపోయి జిగటగా చేతికి అంటుకుంటుంది. కాబట్టి కొద్దిగా కలిపి వదిలేయండి. నీళ్లు ఒకేసారి పోయొద్దు, పొట్టుపొర ఉన్న పిండి నెమ్మదిగా పీల్చుకుంటుంది. రొట్టె పొంగడం తక్కువ, ముక్క దట్టంగా ఉంటుంది. అచ్చులో కాలిస్తే పక్కలకి పారదు. ఐన్‌కార్న్ ఇంకా మొండిది, కానీ దాని పిండికి వచ్చే పసుపు రంగు చూడముచ్చటగా ఉంటుంది, లుటీన్ ఎక్కువ కావడం వల్ల.

నన్నడిగితే ఎమ్మర్ రుచి రొట్టెలో కన్నా గింజగా ఉడికించినప్పుడే తెలుస్తుంది. రాత్రి నానబెడితే అరగంట నుంచి ముప్పావుగంటలో ఉడుకుతుంది, చిదిమితే మెత్తగా ఉన్నా గింజ విడివిడిగా నిలబడుతుంది. పిండి మాత్రం ఎక్కువ ఆడించి పెట్టుకోవద్దు. మొలకలోని నూనె వల్ల కమురు వాసన పట్టేస్తుంది.

గట్టుమీద
ఆదివారం, ఉదయం 9:30

రావుగారూ, విత్తే సంగతి నేను చెబుతాను. కొన్ని పంటలుగా వేస్తున్నాను.

పొట్టుతోనే విత్తండి. ఒలిచిన గింజలో మొలక ఉండే కొన దెబ్బతిని ఉండొచ్చు, మొలక శాతం పడిపోతుంది. పొట్టుతో విత్తేటప్పుడు యంత్రం గొట్టాల్లో మీసాలు ఇరుక్కుంటాయి, కాబట్టి కొంచెం నేలకి చేత్తో సాళ్లలో వేసుకోవడమే హాయి. నాలుగైదు సెంటీమీటర్ల లోతు చాలు. పొట్టు తడిసి గింజకి నీరందడానికి సమయం పడుతుంది, పక్క చేను మొలిచింది నాది మొలవలేదని టెన్షన్ పడొద్దు. ఇది చలికాలపు పంట.

అసలు జాగ్రత్త ఎరువు దగ్గర. మొక్క పొడుగ్గా పెరుగుతుంది, కాడ సన్నం. యూరియా దండిగా వేస్తే కంకి బరువుకి చేను మొత్తం పడిపోతుంది. పడిన చేలో కోత అంటే నడుములు పోతాయి. బీద నేలే దీనికి నయం. ఇటలీ కొండల్లో, ఇథియోపియా ఎత్తైన నేలల్లో, టర్కీలో, మహారాష్ట్ర కర్ణాటకల్లో ఇది ఇంకా మిగిలిందంటే ఇలాంటి చోట్ల మామూలు గోధుమ అంత గొప్పగా పండక పోవడం ఒక కారణం. పొట్టు ఉండటం వల్ల నిల్వలో పురుగు బెడద తక్కువ, పిట్టలకీ సులువుగా దొరకదు.

దిగుబడి లెక్క వేసుకునేటప్పుడు ఒకటి మరవకండి. నూర్చాక వచ్చిన వంద కిలోల్లో ఇరవై నుంచి ముప్పై కిలోలు పొట్టే. అది పోగా మిగిలిందే గింజ. ఎమ్మర్ వెనకబడిపోవడానికి రోగాలూ రుచీ కారణం కాదు, ఈ పొట్టు చాకిరీ. ఇప్పటికీ ఇది ఖరీదుగా ఉండటానికి కారణం కూడా అదే.

శాసనాలపిచ్చి
ఆదివారం, ఉదయం 10:05

గట్టుమీదగారు చెప్పిన చాకిరీ మాట రోమన్లకీ బాగా తెలుసు. వాళ్ల తొలి శతాబ్దాల తిండి ఎమ్మర్ గంజే. రొట్టె గోధుమ వచ్చాక గంజి వెనక్కి పోయింది, అయినా పూజల్లో, ఒక రకం పెళ్లి తంతులో మాత్రం ఎమ్మర్‌నే పట్టుకున్నారు.

సందేహాలరావు
ఆదివారం, సాయంత్రం 4:30

అందరికీ కృతజ్ఞతలు. మేనకోడలి వాళ్లమ్మకి ఫోన్ చేసి ఆ మెసేజ్ పట్టించుకోవద్దని చెప్పేశాను. మా అత్తయ్య అప్పటికే "పాతకాలం గోధుమ కదా, పర్లేదు" అంటోందట.

పొట్టువి విప్పి చూశాను. దాదాపు అన్నిట్లో రెండేసి గింజలు ఉన్నాయి. కాడ ముక్క కిందివైపే, చిన్న మేకులా ఉంది. అయితే ఎమ్మరే అనుకోవచ్చా? ఒలిచిన సంచీకి ఏదైనా పరీక్ష ఉందా? ఇంకో మాట, మిల్లు లేకుండా ఇంట్లో పొట్టు తీయగలమా? నాన్నగారికి షుగర్ ఉంది, ఆయన తింటానంటున్నారు, ఆ సంగతీ చెప్పండి.

గట్టుమీద
ఆదివారం, సాయంత్రం 6:10

కొద్దిగా అయితే తీయొచ్చు. పైన చెప్పినట్టు చిలకరించి కాస్త మెత్తబడనిచ్చి రోట్లో దంచండి. రోకలి గట్టిగా దింపొద్దు, గింజకి గింజ రాసుకుని ఊడాలి. ఆరబెట్టి చెరిగితే పొట్టు పోతుంది. ఊడనివి ఏరి మళ్లీ రోట్లో వేయాలి, ఆ రెండో విడత తప్పదు. ఓ పూటకి సరిపడా అయితే సరదాగానే ఉంటుంది. బస్తా లెక్కన అయితే రబ్బరు రోలర్లున్న మిల్లు చూసుకోండి, రాళ్ల మిల్లులో వేస్తే సగం నూకే.

వేసవిమేఘం
ఆదివారం, సాయంత్రం 6:45

షుగర్ విషయంలో పేరు కన్నా రూపం ముఖ్యం. ముడిగింజగా ఉడికించి తింటే పిండి నెమ్మదిగా అరుగుతుంది, మెత్తగా ఆడించి తింటే త్వరగా అరుగుతుంది. ఇది ఎమ్మర్‌కే కాదు, ఏ గోధుమకైనా అంతే. ఎమ్మర్‌లోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే. నాన్నగారు తినొచ్చు, కానీ మామూలుగా తినే కొలతే తినాలి. తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూసుకుంటే ఆయన ఒంటికి ఎలా ఉందో ఆయనకే తెలుస్తుంది. మందులు తగ్గించుకోవడం లాంటివి డాక్టర్‌ని అడగకుండా వద్దు.

మేనకోడలి ఇంట్లో ఈ పిండి ఆడించొద్దని కూడా చెప్పండి. గాల్లో లేచిన పిండి, అదే జల్లెడ, అదే గరిటె చాలు.

పాతగింజ
ఆదివారం, రాత్రి 8:00

ఈసారి పులియబెట్టకుండా కొన్నాళ్లు ఎమ్మర్, పులియబెట్టి కొన్నాళ్లు మామూలు గోధుమ తిని చూస్తాను. తేడా ఏంటో తేలాలి కదా. ఏదైనా రుచి విషయంలో మాత్రం నా పార్టీ మారదు.

కంకికాడ
ఆదివారం, రాత్రి 9:15

రావుగారూ, మీరు చెప్పిన గుర్తులు ఎమ్మర్‌వే. పొట్టు సంచీ గురించి నాకు పెద్ద అనుమానం లేదు.

ఒలిచిన సంచీకి ల్యాబ్ పరీక్ష ఉంది కానీ మీకు పూర్తి జవాబు ఇవ్వదు. డి జీనోమ్ డీఎన్‌ఏ ఉందో లేదో చూసే పరీక్ష ఇటలీలో పాస్తాకి వాడతారు. అక్కడి చట్టం ప్రకారం డ్యూరమ్ పాస్తాలో మెత్తని గోధుమ 3 శాతం దాటకూడదు. ఆ పరీక్షలో డి జీనోమ్ కనబడితే రొట్టె గోధుమో స్పెల్టో కలిసిందని అర్థం. కనబడకపోతే? ఎమ్మర్ కావచ్చు, డ్యూరమ్ కావచ్చు, ఖొరాసాన్ కూడా కావచ్చు. మూడిటికీ 28 క్రోమోజోములే. కల్తీ జరిగేదీ ఎక్కువగా డ్యూరమ్‌తోనే అవకాశం, అక్కడే ఈ పరీక్ష చేతులెత్తేస్తుంది.

మీకు నేల ఉంది కదా, దాన్నే వాడండి. పొట్టువి విత్తే మడి పక్కన, కాస్త ఎడంగా, ఒలిచిన సంచీలోంచి ముందు తడిగుడ్డలో మొలకెత్తినవి ఏరి ఒక సాలు నాటండి. గుర్తుగా కర్ర పాతండి. పొట్టు గట్టిగా పట్టుకోవడం, వదిలేయడం జన్యువుల చేతిలో ఉంది, నేలా ఎరువూ దాన్ని మార్చలేవు. కంకులు పూర్తిగా ఎండాక ఆ సాలులో ఒక్కో కంకిని అరచేతుల మధ్య నలపండి. గింజ బయటికి ఊడిపడితే డ్యూరమో ఖొరాసానో రొట్టె గోధుమో అనుకోండి. గింజ రాకుండా, కాడ ముక్క కిందివైపే ఉన్న రెండు గింజల చిరుకంకులుగా విరిగితే మీ స్నేహితుడు నిజమే చెప్పాడు. కొన్ని అలా, కొన్ని ఇలా వస్తే సంచీలో కలిపారన్నమాట.

పక్కపక్కన వేస్తే కలిసిపోతాయేమోనని భయం వద్దు. గోధుమ ఎక్కువగా తనలో తనే ఫలదీకరణ చేసుకుంటుంది, పుప్పొడి వల్ల కలిసేది చాలా తక్కువ. విత్తనం కలిసేది కళ్లంలో. రెండు సాళ్లనీ వేరువేరుగా కోసి, వేరే పట్టాల మీద నూర్చి, సంచుల మీద ఆ రోజే పేరు రాసి పెట్టుకోండి.